గాంధీనగర్ అడ్డాలు పోయాక బెజవాడలో ఇంకేం మిగిలింది?

గవర్నర్‌పేట పాతకాపు: మొన్న గాంధీనగర్‌లో తిరిగాను. సినిమా పంపిణీ ఆఫీసుల బోర్డులు చాలావరకు లేవు. ఒకప్పుడు మద్రాసులో షూటింగ్ మొదలవ్వాలంటే నిర్మాతలు ఇక్కడి మేడ మెట్లెక్కి అడ్వాన్సు పట్టుకెళ్లేవాళ్లు. మా టీ కొట్టు దగ్గర పొద్దున్నే ఆ ఆఫీసుల తరఫున హాళ్లకి వెళ్లే రిప్రజెంటేటివ్‌లు దిగేవాళ్లు, ఆటవారీ వసూళ్ల డీసీఆర్ కాగితాలు జేబులో మడిచి పెట్టుకుని. గుడివాడలో మ్యాట్నీ ఎంత, బందరులో సెకండ్ షో ఎంత అని వాళ్లు చెబుతుంటే పేపర్లో రివ్యూ ఎవడిక్కావాలి? అక్కడ 'వందరోజులు' అని ఒకాయన ఉండేవాడు. మార్నింగ్ షో వదిలాక బయటికొచ్చే జనం మొహాలు చూసి, సినిమా ఎన్ని వారాలో తేల్చేసేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు ఏ మల్టీప్లెక్సు దగ్గర దొరుకుతాడు? ఊరు ఖాళీ అయిపోయింది.

కృష్ణలంక: పోయింది మీ టీ కొట్టు, ఊరు కాదు. సినిమాని డిజిటల్‌గా హాలుకి పంపే క్యూబ్, యూఎఫ్‌ఓ వచ్చాక రీలు పెట్టెలు లేవు. పెట్టె మోసే పనే లేనప్పుడు రిప్రజెంటేటివ్ ఎందుకొస్తాడు?

గవర్నర్‌పేట పాతకాపు: రిప్రజెంటేటివ్ పెట్టె మోసేవాడు కాదు. హాల్లో తెగిన టికెట్లకీ లెక్కలో రాసినవాటికీ తేడా రాకుండా చూసేవాడు. తెలియకపోతే రాయకండి.

కృష్ణలంక: మా పెదనాన్న చేశాడండీ ఆ పని. పెట్టె పక్కనే పెట్టుకుని బస్సులో వెళ్లేవాడు. సెకండ్ షో లెక్క చూసుకుని హాల్లోనే బెంచీ మీద పడుకునేవాడు. సినిమా ఆడకపోతే ఆఫీసువాళ్లు బత్తా ఎగ్గొట్టేవాళ్లు. మీరు టీ తాగుతూ విన్న లెక్కలు అవే.

చిట్టినగర్ బుల్లోడు: పెట్టె గొడవ ఆపండి బాబూ. ఆ వందరోజులుగారి అసలు పేరేంటి?

గవర్నర్‌పేట పాతకాపు: ఎవరూ అడగలేదు.

సత్యనారాయణపురం: ఆ కొట్ల ముందునుంచే మేం కాలేజీకి వెళ్లాలి. సినిమాల మీదే కాదు, మా నడక మీద, ఓణీ మీద కూడా అక్కడ రివ్యూలు వచ్చేవి. దూరం నుంచే చూసి రోడ్డు దాటి అవతలి పక్కగా పోయేవాళ్లం. ఇప్పుడు మా అమ్మాయి ఫ్రెండ్సుతో సెకండ్ షోకి వెళ్లొస్తుంది. ఆ అడ్డాలు పోయాయని నేనేం ఏడవను.

గవర్నర్‌పేట పాతకాపు: మా బ్యాచ్ ఎవర్నీ ఏమీ అనలేదమ్మా. 1921లోనే మారుతీ సినిమా హాలు వెలసిన ఊరిది. ఎవడో వాగాడని అంత చరిత్రనీ తీసిపారేస్తారా?

సత్యనారాయణపురం: 1921 సంగతి నేనెత్తానా? కొట్టు దగ్గర ఎవడో వాగినప్పుడు మీరేం చేశారండీ?

చిట్టినగర్ బుల్లోడు: 🍿

కృష్ణలంక: ఇంతకీ మీరుండేది ఎక్కడ?

గవర్నర్‌పేట పాతకాపు: హైదరాబాదులో, అబ్బాయి దగ్గర. దానికీ దీనికీ ఏం సంబంధం?

కృష్ణలంక: అదీ సంగతి! సినిమావాళ్లు హైదరాబాదు పోయారు, వెనకే మీరూ పోయారు. ఏడాదికోసారి దిగి ఊరు ఖాళీ అంటారు. మరి ఇక్కడున్న మేమెవరం? సాయంత్రం బీఆర్‌టీఎస్ రోడ్డుకి రండి, బైకులకి ఆనుకుని గంటలకొద్దీ కబుర్లాడే కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లలోనూ ఉంటాడు ఒక వందరోజులు. మీకు తెలియదంతే.

గవర్నర్‌పేట పాతకాపు: నేను సరదాకి పోలేదు. అన్నదమ్ముల వాటాలు తేలక ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చింది. కొట్టు దగ్గర నన్ను 'ఒరేయ్' అనేవాళ్లు పదిమంది ఉండేవాళ్లు. ఇక్కడ లిఫ్టులో అందరికీ నేను మూడో అంతస్తు అంకుల్‌ని. మీరు ఊళ్లోనే ఉన్నారు, మీకు అర్థం కాదు.

సత్యనారాయణపురం: ఇది అర్థమైంది. ఇందాక నేనడిగినదానికి మాత్రం జవాబు రాలేదు.

కృష్ణలంక: మీ లిఫ్టులో ఎవరూ పలకరించకపోతే బెజవాడ ఏం చేస్తుందండీ?