మోకాళ్ల అరుగుదల: సర్వీసు ఖాతాలో వెయ్యాలా, వయసు ఖాతాలోనా?

కడప హవల్దార్ (రిటైర్డ్):
1998లో మైలు పరుగు ముగించి, మెడికల్‌లో ఏ వంకా లేకుండా పాసై సైన్యంలో చేరాను. 24 ఏళ్ల సర్వీసులో ఎక్కువ భాగం కొండల మీదే, వీపున బరువుతో. 2022లో రిలీజ్ మెడికల్ బోర్డు, అంటే దిగేముందు పరీక్షించే డాక్టర్ల బోర్డు, రెండు మోకాళ్లకూ కలిపి 30 శాతం వైకల్యం అని రాసింది. కానీ సర్వీసు వల్ల రాలేదు, సర్వీసులో ముదరలేదు అంది. కారణం ఒక్క ముక్క: వయసు. అప్పుడు నాకు 43. డిసేబిలిటీ పెన్షన్ రాలేదు, అప్పీలూ తిరగ్గొట్టారు. ఇది న్యాయమేనా?

అనంత రైతుబిడ్డ:
అన్నా, నొచ్చుకోవద్దు. మా నాయన నలభై ఏళ్లు శెనక్కాయ చేలో గొంతుక్కూర్చుని కలుపు తీశాడు. ఆయనకూ గుజ్జు అరిగిపోయింది. బస్సెక్కాలంటే ఇద్దరం పట్టుకోవాలి. ఆయనకు ఎవరూ శాతాలు కట్టలేదు. అందరికీ వచ్చే జబ్బును సర్వీసు ఖాతాలో ఎట్లా వేస్తాం?

మాజీ నర్సింగ్ అసిస్టెంట్, కర్నూలు:
తమ్ముడూ, చేలో పనే మీ నాయన మోకాళ్లు అరగదీసిందని నువ్వే చెప్తున్నావు కదా. ఆయనకు సాయం అడుగు, నేనూ వెంట వస్తా. అదే లెక్క హవల్దార్ గారికీ వర్తిస్తుంది. బరువుతో కొండ దిగేటప్పుడు మోకాలి చిప్ప మీద పడే ఒత్తిడి చాలా ఎక్కువ. 2013లో ధరంవీర్ సింగ్ అనే సైనికుడి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: చేరేటప్పుడు రికార్డులో జబ్బు లేకపోతే, అది సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాలి. కాదంటే కారణం బోర్డే చూపాలి.

పెన్షన్ లెక్కలు, ప్రొద్దుటూరు:
ధరంవీర్‌ను మధ్యలోనే పంపేశారు. సార్ టర్మ్ పూర్తిచేసి దిగారు, ఆ తేడా ఎదుటివాళ్లు తప్పకుండా ఎత్తుతారు. ఇక డబ్బు సంగతి. 100 శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. జీతం 40,000 అనుకుంటే అది 12,000; 30 శాతం వైకల్యానికి అందులో 30 శాతం, నెలకు 3,600. 20 నుంచి 49 దాకా ఉన్నదాన్ని 50గా లెక్కగడితే 6,000. టర్మ్ పూర్తిచేసిన వాళ్లకూ ఈ రౌండింగ్ వర్తిస్తుందని 2014లో రాం అవతార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కానీ 19 శాతం దగ్గర ఆగితే ఏమీ రాదు. నన్నడిగితే పెద్ద అన్యాయం అక్కడుంది.

కడప హవల్దార్ (రిటైర్డ్):
బోర్డులో జరిగింది చెప్తా. మంచం మీద పడుకోబెట్టి మోకాళ్లు ఒక్కోటీ వంచారు. కుడిది కిర్రుమంది. ఎక్స్‌రే ఫిల్మ్ కిటికీ వెలుతురులో పట్టి చూశారు. ఎక్కడెక్కడ పనిచేశావు, ఎన్నేళ్లు, ఎంత బరువు మోశావు అని ఒక్కరూ అడగలేదు. ఒక్క ప్రశ్న అడిగి ఆ తర్వాత కాదని రాసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

అనంత రైతుబిడ్డ:
అందరికీ ఇవ్వాలంటే ఇప్పటికీ ఒప్పుకోను. కానీ అడగకుండా రాయడం తప్పే. సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్‌కు వెళ్తున్నారా?

కడప హవల్దార్ (రిటైర్డ్):
చెన్నై బెంచ్‌లో వేస్తున్నా. పోస్టింగుల లిస్టు రాస్తున్నా, ఇప్పటికి మూడు పేజీలైంది.