లీడ్స్‌లో మొదటి చలికాలం: హీటర్ వెయ్యాలా, బాయిలర్ వెయ్యాలా?

ప్రశ్న, ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి:

అందరికీ నమస్తే. మాది నల్గొండ. సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీకి వచ్చాను. నలుగురం కలిసి, పక్క ఇళ్లతో గోడలు కలిసి వరుసగా ఉండే పాత టెర్రస్ ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అద్దెలో బిల్లులు కలవలేదు. కరెంటుకి కీ మీటర్, గ్యాస్‌కి కార్డు మీటర్, రెండూ ముందే డబ్బు వేసి వాడుకునేవి.

అక్టోబర్ దాకా బాగానే గడిచింది. ఇప్పుడు రాత్రిళ్లు 2, 3 డిగ్రీలకు పడిపోతోంది. గ్యాస్‌తో నీళ్లు కాచి గదుల్లోని రేడియేటర్లకు పంపే బాయిలర్ ఉంది, కానీ అది వేస్తే గ్యాస్ మంచినీళ్లలా ఖర్చవుతుందని ఒక సీనియర్ చెప్పాడు. గ్యాస్ కార్డులో 10 పౌండ్లు వేసి చూస్తే నిజంగానే మర్నాటికి ఏమీ మిగల్లేదు. అందుకని ముగ్గురం తలా ఒక ఫ్యాన్ హీటర్ కొన్నాం. ఇప్పుడు కీలో 20 పౌండ్లు వేస్తే రెండు రోజులు గట్టిగా రావడం లేదు. పార్ట్‌టైమ్ డబ్బులన్నీ మీటర్‌కే పోతున్నాయి. మా ఊళ్లో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. ఇక్కడ ఎంతవుతోందో అమ్మకు చెప్పడానికి నోరు రావడం లేదు. పైగా కిటికీ పక్క గోడ మీద నల్ల మచ్చలు మొదలయ్యాయి. ఏం చేయమంటారు?

జవాబు, బ్రాడ్‌ఫర్డ్ నుంచి:

తమ్ముడూ, ముందు ఈ రాత్రికే ఆ మూడు హీటర్ల ప్లగ్గులూ తీసేయండి. బాయిలర్ వెయ్యండి. ఎందుకో లెక్క చెప్తాను.

యూనిట్ అంటే నల్గొండలో ఎంతో లీడ్స్‌లోనూ అంతే, ఒక కిలోవాట్ అవర్. ఇక్కడ గ్యాస్‌ని కూడా యూనిట్లలోనే అమ్ముతారు. మనకున్నట్టు శ్లాబులు లేవు, ఎంత వాడినా ఒకటే రేటు. ఆఫ్‌జెమ్ అనే ప్రభుత్వ నియంత్రణ సంస్థ మూడు నెలలకోసారి గరిష్ఠ రేటు ప్రకటిస్తుంది. 2025లో కరెంటు యూనిట్ 25 నుంచి 27 పెన్స్ మధ్య, గ్యాస్ యూనిట్ 6 నుంచి 7 పెన్స్ మధ్య నడిచాయి. అంటే కరెంటు యూనిట్ ఖరీదు గ్యాస్ యూనిట్‌కి దాదాపు నాలుగు రెట్లు.

మీ హీటర్ ఒక్కోటి 2000 వాట్లు అనుకుందాం. మూడు హీటర్లు ఆరు గంటలు తిరిగితే 36 యూనిట్లు. 26 పెన్స్ చొప్పున రాత్రికి 9 పౌండ్ల 36 పెన్స్. అంత వేడే బాయిలర్ ఇస్తే, పొగగొట్టంలో పోయేది కలుపుకున్నా 3 పౌండ్ల లోపే.

మరి ఆ 10 పౌండ్లు ఎటు పోయాయంటావా? అవి మీరు కాల్చిన గ్యాస్‌కి పోయి ఉండవు. ఇక్కడ స్టాండింగ్ ఛార్జ్ అని రోజుకింత ఉంటుంది, 2025లో గ్యాస్‌కి 30 పెన్స్ పైనే ఉండేది. వాడినా వాడకపోయినా మీటర్ రాసుకుంటూనే ఉంటుంది. వేసవి సెలవుల్లో స్టూడెంట్ ఇల్లు మూడు నెలలు ఖాళీగా ఉంటే అదే 30 పౌండ్ల దాకా బాకీ అవుతుంది. కార్డు పెట్టగానే మీటర్ ఆ బాకీలో జమ వేసుకుంటుంది. పాత అద్దెదారు అప్పు కూడా ఉండొచ్చు. మీ సీనియర్ చూసిందీ ఇదే అయ్యుంటుంది. మీటర్ మీద బటన్ నొక్కుతూ పోతే బాకీ తెర వస్తుంది, ఫొటో తీయి. సప్లయర్‌కి ఫోన్ చేసి ఇంట్లో దిగిన తేదీ చెప్పి, అద్దె ఒప్పందం పంపితే మీది కాని బాకీ తీసేస్తారు. మొహమాటపడకు.

ఇక బాయిలర్. ముందు భాగంలో సాధారణంగా రెండు గుండీలు ఉంటాయి. ఒకదాని మీద కుళాయి బొమ్మ, ఇంకోదాని మీద రేడియేటర్ బొమ్మ. రేడియేటర్ గుండీని చాలా ఇళ్లలో 75, 80 డిగ్రీల మీద వదిలేస్తారు. 60కి తగ్గించు. రేడియేటర్లన్నీ తిరిగి బాయిలర్‌కి వచ్చే నీళ్లు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే పొగలోని ఆవిరి నీరుగా మారి, ఆ వేడిని కూడా మీకు వదిలిపెడుతుంది. బయటికి పోయే తెల్ల ప్లాస్టిక్ గొట్టంలోంచి నీళ్లు బొట్లుగా కారుతుంటే బాయిలర్ సరిగ్గా పనిచేస్తోందన్నమాట. ఇల్లు వెచ్చబడడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, అంతే. వేడినీళ్ల ట్యాంకు విడిగా ఉన్న ఇంట్లో మాత్రం ట్యాంకు నీళ్లను 60 కంటే తగ్గనివ్వకూడదు, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది.

హాల్లో థర్మోస్టాట్ 18 మీద పెట్టండి. నిద్ర లేవడానికి అరగంట ముందు, సాయంత్రం ఇంటికి చేరే వేళకి ఆన్ అయ్యేలా టైమర్ పెట్టుకోండి. గదుల్లో రేడియేటర్ పక్కన 1 నుంచి 5 దాకా అంకెలున్న వాల్వ్ ఉంటుంది. 3 అంటే దాదాపు 20 డిగ్రీలు. ఎవరూ లేని గదిలో 1 మీద ఉంచండి, పూర్తిగా కట్టేయొద్దు. రాత్రి మంచంలో చలేస్తే ఎలక్ట్రిక్ దుప్పటి కొనుక్కోండి. 100 వాట్లది గంటకు 3 పెన్స్ కూడా కాదు.

ఆ నల్ల మచ్చల సంగతి. అది బూజు, తేలిగ్గా తీసుకోకండి. నేను 2011లో వచ్చాను. బాబుకి ఎనిమిది నెలలు. బిల్లుకి భయపడి సాయంత్రం ఒక్క గంటే బాయిలర్ వేసేదాన్ని. చలిగాలి వస్తోందని కిటికీ పైన ఉండే సన్నటి గాలి సందుల్లో న్యూస్‌పేపర్ కుక్కాను. లోపలే అన్నం, పప్పు, చారు, లోపలే బట్టలు ఆరేయడం. జనవరిలో ఒకరోజు మంచం జరిపితే గోడ, పరుపు వెనక భాగం నల్లగా ఉన్నాయి. మంచం కింద సూట్‌కేసులో నా పెళ్లినాటి పట్టుచీర మడత విప్పితే జరీ మీద బూడిదరంగు నూగు. చీర పోతే పోయింది, బాబుకి పిల్లికూతలు పట్టుకున్నాయి, ఇన్‌హేలర్ వాడాల్సొచ్చింది. అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంట్ వచ్చి చూసి, మీరు వంటలు ఎక్కువ చేస్తారు అని వెళ్లిపోయాడు. పైకప్పు అంచున వాననీళ్లు పట్టే గట్టర్ పగిలి గోడ తడుస్తోందని మార్చిలో గానీ బయటపడలేదు.

అందుకని రెండూ చూసుకోవాలి. వండేటప్పుడు మూత పెట్టి, వంటింటి తలుపు వేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యండి. స్నానం అయ్యాక కిటికీ పది నిమిషాలు తెరవండి. ఒక వాష్ బట్టలు లోపల ఆరేస్తే రెండు లీటర్ల దాకా నీరు గదిలోకి చేరుతుంది. మంచం, బీరువా బయటి గోడకు ఆనించకండి. గోడ బయట తడి మరక కనిపిస్తే, లేదా మచ్చ తుడిచిన వారానికే మళ్లీ వస్తే, తప్పు మీ వంటది కాదు. రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

జవాబు, మాంచెస్టర్ నుంచి:

అక్క చెప్పింది గ్యాస్ ఉన్న ఇంటికి. గ్యాస్ లేని ఫ్లాట్‌లో ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. గోడకి బరువైన పెట్టెలాంటి హీటర్, దాని పైన ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రెండు గుండీలు ఉంటే అది స్టోరేజ్ హీటర్. లోపల ఇటుకలుంటాయి. రాత్రిపూట ఏడు గంటల పాటు దొరికే చవక కరెంటుతో కాలి, పగలు వేడి వదులుతాయి. ఎకానమీ 7 అనే ఆ చవక రేటు టారిఫ్ ఉంటేనే లాభం. పడుకునే ముందు అవుట్‌పుట్ తగ్గించాలి. లేకపోతే వేడంతా తెల్లారేసరికే అయిపోయి, సాయంత్రం గది మంచుగడ్డ అవుతుంది.

జవాబు, షెఫీల్డ్ నుంచి:

నేను హాస్పిటల్‌లో నర్సుని. బాయిలర్ వేసే ముందు ఒకటి అడగండి బాబూ. గ్యాస్ సేఫ్ అనే అధికారిక జాబితాలో ఉన్న ఇంజనీర్ ఏడాదికోసారి చూసి ఇచ్చిన సర్టిఫికెట్ ఇల్లు అప్పగించే ముందే ఓనర్ మీకు ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబర్ నుంచి, బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం కూడా ఓనర్ బాధ్యత. ఆ వాయువుకి వాసన ఉండదు. ఇంట్లో ఉంటే తలనొప్పి, వికారం, బయటికెళ్తే తగ్గిపోవడం, అందరికీ ఒకేసారి రావడం, ఇవే గుర్తులు. అప్పుడు వెంటనే అన్నీ ఆపి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి గ్యాస్ ఎమర్జెన్సీ నంబర్ 0800 111 999కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ తీస్తారు, డబ్బు తీసుకోరు.

మళ్లీ లీడ్స్ నుంచి:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మీరన్నట్టే గ్యాస్ మీటర్‌లో 27 పౌండ్ల బాకీ కనిపించింది. సర్టిఫికెట్ మెయిల్‌లో ఉంది, ఏప్రిల్‌లో చేసింది. అలారం మాత్రం లేదు, ఏజెంట్‌ని అడిగాను. బాయిలర్ వేస్తే మాత్రం పట్టడం లేదు. కింద గుండ్రటి మీటర్‌లో ముల్లు 0.4 దగ్గర ఉంది.

జవాబు, బ్రాడ్‌ఫర్డ్ నుంచి:

లోపలి నీళ్ల ప్రెషర్ పడిపోయింది తమ్ముడూ. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1 నుంచి 1.5 మధ్య ఉండాలి. బాయిలర్ కింద నీళ్లు నింపే వాల్వ్ ఉంటుంది, కానీ చూడకుండా తిప్పొద్దు. ఏజెంట్‌ని అడిగి ఆ మోడల్ పుస్తకం తెప్పించుకో, లేదా వాళ్లనే మనిషిని పంపమను. నింపాక రెండు రోజుల్లో ముల్లు మళ్లీ 1 కిందికి దిగితే ఎక్కడో కారుతోందన్నమాట, బాగుచేయించాల్సింది ఓనరే. ఫోన్ చేసినా సరే, ముల్లు ఫొటో, గోడ ఫొటో, అలారం లేదన్న మాట కలిపి ఈమెయిల్ కూడా ఈ రాత్రే పెట్టు. అంతవరకు ఒక్క హీటర్ హాల్లో పెట్టుకుని నలుగురూ అక్కడే చదువుకోండి. పడుకునేటప్పుడు ఆపేయండి.