గుకేశ్ గెలిచాడా, డింగ్ ఓడాడా? 14వ గేమ్ మీద చర్చ

మొండిబంటు:
2024 డిసెంబర్ 12, సింగపూర్. ప్రపంచ చెస్ చాంపియన్‌షిప్ ఆఖరి గేమ్, స్కోరు 6.5–6.5. అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్‌వి తెల్లపావులు, గుకేశ్‌వి నల్లపావులు. డ్రా అయితే మర్నాడు టైబ్రేక్, అంటే విజేతను తేల్చే పొట్టి గేమ్‌లు. 55వ ఎత్తులో డింగ్ రూక్‌ను (ఏనుగును) ఎఫ్2 గడికి జరిపాడు, 58కల్లా ఆట అయిపోయింది. టైటిల్ చేతిలో పెట్టినట్టే కదా? ఇదేం గెలుపు? మాజీ ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్ అయితే మనమెరిగిన చెస్ ఇక్కడితో సరి అన్నట్టు రాశాడు.

చదరంగం_చిన్నోడు:
చేతిలో పెట్టాలన్నా అవతల ఒకడు లేవకుండా కూర్చోవాలి కదండీ! ఇద్దరికీ రూక్, బిషప్ (శకటు) ఉన్నాయి, గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ. మామూలుగా అది డ్రా. తెల్లపావులు పెట్టుకుని కూడా పావులు మార్చుకుంటూ డ్రా కోసమే చూసింది డింగ్. అతని బిషప్ ఏ8 మూలన ఉంది. రూక్ ఎఫ్2కి రాగానే గుకేశ్ రూక్‌లు మార్చేసి, తన బిషప్‌ను డి5లో పెట్టాడు. మూలనున్నదానికి ఇక పారిపోయే దారి లేదు. అదీ మారిపోతే రాజులు, రెండు బంట్లకు ఒక బంటు. అంతే సంగతులు.

మొండిబంటు:
ఆ తప్పు ముందు తనకే కనబడలేదని, ఇంకో ఎత్తు వేయబోయానని గుకేశే చెప్పాడు.

చదరంగం_చిన్నోడు:
వేయలేదుగా! మొదటి గేమ్‌లో నల్లపావులతో గెలిచింది డింగ్. అప్పుడు గుకేశ్ తప్పు చేశాడు కాబట్టి అది గెలుపు కాదని ఎవరైనా అన్నారా?

గోదారిగట్టు:
నా అనుభవం ఒకటి. జిల్లా టోర్నీలో ఒక బంటు తక్కువతో మూడు గంటలు కాచాను. హాలంతా ఖాళీ, బయట ఆటోవాడు హారన్. అవతలి కుర్రాడు డ్రా ఒప్పుకోడు, తాపీగా మంచినీళ్లు తాగుతున్నాడు. చివరికి తల దిమ్మెక్కి, రాజును పోకూడని గడిలో పెట్టాను. ఇంట్లో నేనే ఓడిపోయానని చెప్పుకున్నా గానీ, ఆ కుర్రాడే ఓడించాడు.

మొండిబంటు:
సరే, గెలుపే. గొప్ప గేమ్ అని మాత్రం నాతో అనిపించకండి.

చదరంగం_చిన్నోడు:
గొప్ప గేమ్ అని ఎవరన్నారండీ? 11వ గేమ్ చూడండి, అదీ అంతే, డింగ్ తప్పుతోనే గుకేశ్ గెలిచాడు.