ట్రైల్ రైడ్ గుర్రానిది మొండితనమా, ఆకలా?

గోదారిగట్టు: సెలవులకు అమెరికాలోని యూటా రాష్ట్రానికి వెళ్ళి, కొండదారిలో రెండు గంటల గుర్రపు సవారీ తీసుకున్నాం. మా అమ్మాయికిచ్చిన గుర్రం అడుగడుక్కీ ఆగి గడ్డి పీకడమే. వెనకవాళ్ళంతా నిలబడిపోయారు. ముందున్న గైడు "అది పుట్టు మొండిది, పగ్గాలు గట్టిగా లాగు" అని ఒకటే అరుపు. తొమ్మిదేళ్ళ పిల్ల ఏం లాగుతుంది? నిజంగా ఒక్కో గుర్రానికి ఒక్కో స్వభావం ఉంటుందా, లేక ఇది వాళ్ళ సాకా?

నల్లజీను: ఉంటుందండీ. చదువుకునే రోజుల్లో కొలరాడోలో గుర్రాలుండే ఒక రాంచ్‌లో (పశువుల క్షేత్రం) వేసవి పని చేశాను. వరసలో ముందు నడిచేది ఒంటరిగా పోవడానికి జంకనిది. కొన్నయితే ముందు గుర్రం తోక కనబడకపోతే కదలవు. తన్నే అలవాటున్నదాని తోకకు ఎర్ర రిబ్బను కట్టి చివర్లో పెడతారు. ఒకదానికొకటి పడనివాటిని విడదీస్తారు. భయపడేవాళ్ళకు నెమ్మదైన ముసలిదాన్ని ఇస్తారు. మీ అమ్మాయికి దొరికింది తిండిపోతు. పైన కూర్చున్నది కొత్తవాళ్ళని ఇట్టే కనిపెడుతుంది.

సీమపిల్ల: రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని ఊరికే అన్నారా!

వేపచెట్టు: సామెత పక్కన పెట్టండి. గుర్రం పొట్ట చిన్నది. వదిలేస్తే రోజులో సగానికి పైగా మేస్తూనే ఉంటుంది. మేత లేకపోయినా కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. అలాంటిదాన్ని జీను వేసి గంటలకొద్దీ కట్టేసి, పచ్చగడ్డి పక్కనుంచి నడిపిస్తూ, తల దించితే తిండిపోతంటారా?

నల్లజీను: పొద్దున్నే అన్నిటికీ ఎండుగడ్డి వేస్తారండీ. అదే మేత తిన్న పక్క గుర్రం గడ్డి వైపు చూడదు. ఎందుకో చెప్పండి.

వేపచెట్టు: నోట్లో కళ్ళెం ఇనుము గుంజగా గుంజగా మానేసి ఉంటుంది.

బందరు లడ్డు: అసలు అరిజోనాలో ఆ పెద్ద లోయ, గ్రాండ్ కాన్యన్ లోపలికి మనుషుల్ని దించేవి గుర్రాలు కావు, కంచర గాడిదలు. కింద ఉన్న సుపాయ్ ఊరికి ఇప్పటికీ ఉత్తరాలు మోసేవీ అవే.

నల్లజీను: గ్రాండ్ కాన్యన్ మాట ఎవరెత్తారు?

బందరు లడ్డు: యూటా పక్కనే కదా. ఇంకోచోట మా అత్తగారిని అందరి ముందూ తూకం వేసి, బరువెక్కువని వెనక్కి పంపారు. ఆ రోజంతా ఆవిడ మాట్లాడలేదు. గుర్రం స్వభావం సరే, మనుషులది చూడండి.

పుణె కోడలు: మా దగ్గర మాథెరాన్ అనే కొండ ఊళ్ళో మోటారు బళ్ళు ఊరి బయట దస్తూరి దగ్గరే ఆగిపోతాయి. గుర్రం ఎక్కితే దాని మనిషి పక్కనే నడుస్తాడు. ఆయన ఎవరితోనో కబుర్లకు ఆగితే గుర్రమూ ఆగింది. పైన నేనున్న సంగతే దానికి పట్టలేదు.

వేపచెట్టు: నల్లజీను గారూ, మీ లెక్కలో మంచి గుర్రమంటే ఏది? ఎవరెక్కినా, డొక్కలో మడమతో పొడిచినా పలకకుండా చెవులు వాల్చుకుని నిలబడేదేనా? దాన్ని నెమ్మది అనరు. ఇక లాభం లేదని ఊరుకోవడం అంటారు.

నల్లజీను: చెవులు మెడకు అంటుకునేలా వెనక్కి వాలిస్తే కోపం. కింది పెదవి వేలాడేసి, వెనక కాలొకటి సడలించి నిలబడితే హాయిగా ఉన్నట్టు. ఎప్పుడైనా ఒక్క జీను విప్పారా మీరు? సవారీలు ఆపేస్తే వాటిని ఎవరు మేపుతారు? 2007లో అమెరికాలో గుర్రాల కబేళాలు మూతబడ్డాయి. ఇప్పుడు వేలంలో కొని మెక్సికోకూ కెనడాకూ లారీల్లో తోలుతున్నారు. అది నయమా?

వేపచెట్టు: ఇప్పుడు వచ్చారు అసలు సంగతికి. సవారీలు ఆపమని నేనెక్కడన్నాను? స్వభావం లేదనీ అనలేదు. మన పనికి అడ్డురాని గుణాన్ని మంచితనమనీ, అడ్డొచ్చేదాన్ని మొండితనమనీ అంటున్నారు. సీజన్ అయ్యాక ఆ మొండిదని పేరు పడ్డది ఎక్కడికి పోతుంది? మీ రాంచ్‌లోవి ఏమయ్యాయి?

నల్లజీను: మావి సీజన్‌కు అద్దెకు తెచ్చినవి. చలికాలం ముందు ఓనర్ తోలుకుపోయేవాడు. మరుసటేడు కొన్ని తిరిగి రాలేదు. కూలికి చేరిన కుర్రాడు ఓనర్‌ని ఏమడుగుతాడు?

సీమపిల్ల: అయ్యో.

గోదారిగట్టు: మీ ఇద్దరి గొడవ సరే. వచ్చే వేసవికి మళ్ళీ వెళ్తామంటోంది మా అమ్మాయి. ఏం చేయాలి?

నల్లజీను: తల దించకముందే పగ్గాలు పొట్టిగా పట్టుకోమనండి. దించాక పిల్ల కాదు కదా, నేనూ లేపలేను.

వేపచెట్టు: ఎక్కేముందు ఆ గుర్రానికి ఆ రోజు అది ఎన్నో ట్రిప్పో కూడా అడగండి.

నల్లజీను: అడగండి. చెప్పరు.