19వ రోజుకే పిల్లలు లేస్తున్నాయి, సగం గుడ్డులోనే చచ్చిపోతున్నాయి: థర్మోకోల్ ఇంక్యుబేటర్‌లో లోపం ఎక్కడ?

తాడిపత్రి పుంజు:
అందరికీ నమస్తే. కోడిగుడ్లు పొదిగించడానికి ఇంట్లో చేసుకున్న థర్మోకోల్ పెట్టె ఇది. 40 వాట్ల ఫిలమెంట్ బల్బులు రెండు, 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి, వేడిని చూసి బల్బులను ఆర్పి వెలిగించే డబ్ల్యూ1209 థర్మోస్టాట్ బోర్డు. 37.7 డిగ్రీలకు పెట్టినా. మూలన గిన్నెలో నీళ్లు పెట్టినా. తేమ మీటర్ 30, 35 మధ్యనే ఉంటాది. గుడ్లు రోజుకు నాలుగు సార్లు చేత్తో తిప్పుతా.

మార్చి నెలాఖర్లో 30 నాటుకోడి గుడ్లు పెడితే లెక్క ఇట్లా వచ్చింది. జీవం లేనివి 4. పిండం మధ్యలోనే చచ్చి రక్తపు రింగు కనపడితే తీసేసినవి 3. పిల్లలయినవి 9, అందులో రెండింటికి బొడ్డు మూసుకోలేదు. మిగిలిన 14 లో పిల్ల నిండుగా తయారై చచ్చిపోయింది. వాటిలో ఆరు పెంకుకు చిల్లు పెట్టి ఆగిపోయినాయి, ఎనిమిది చిల్లు కూడా పెట్టలేదు. మొదటి పిల్ల 19వ రోజు రాత్రే వచ్చింది. ఏం మార్చల్ల? మళ్లీ పెట్టడానికి ఇంకో 20 గుడ్లు చేరినాయి.

ఆదోని ఎలక్ట్రికల్:
పిల్ల 21 రోజులకు రావాలి. 19కే వచ్చింది, బొడ్డు మూసుకోలేదు అంటే ముందు వేడినే అనుమానించాలి తమ్ముడూ. వేడి తగ్గితే కథ తిరగబడుతుంది: 22, 23 రోజులకు లేస్తాయి, పొట్ట ఉబ్బి మెత్తగా ఉంటాయి, సరిగా నిలబడవు.

డబ్ల్యూ1209 లో 37.7 కనపడినంత మాత్రాన గుడ్డు దగ్గర 37.7 ఉన్నట్టు కాదు. మూడు చూడు.

ఒకటి, సెన్సార్ ఎక్కడ వేలాడుతోంది? నేల మీదో గోడకు ఆనుకునో ఉంటే అది చల్లటి చోటును చూసి బల్బు వెలిగిస్తూనే ఉంటుంది, గుడ్లు ఉడుకుతాయి. సెన్సార్ కొన గుడ్ల పైభాగం ఎత్తులో, పెట్టె మధ్యలో, బల్బు వెలుగు నేరుగా తగలని చోట ఉండాలి.

రెండు, కొత్త బోర్డులో పీ1 అనే సెట్టింగ్ 2.0 ఉంటుంది. అంటే 37.7 కి బల్బు ఆరితే మళ్లీ 35.7 కి దిగాక గానీ వెలగదు. దాన్ని 0.2 చెయ్యి. పీ0 లో హెచ్ ఉండాలి. సీ ఉంటే చల్లబరిచే పద్ధతి, బల్బు తలకిందులుగా పనిచేస్తుంది.

మూడు, సెన్సార్‌లోనే తేడా ఉండొచ్చు. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ తీసుకో. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో దాని కొన, సెన్సార్ కొన పక్కపక్కనే పెట్టి మెల్లగా కలుపుతూ చూడు. థర్మామీటర్ 37.7 చూపినప్పుడు సెన్సార్ 36.9 చూపితే నీ పెట్టె ఇన్నాళ్లూ 0.8 ఎక్కువ వేడితో నడిచినట్టే. తేడా సరిచేసే పీ4 సెట్టింగ్‌లో 0.8 వేస్తే సరిపోతుంది. ఫ్యాన్ ఉన్న పెట్టెకు 37.5 నుంచి 37.7 చాలు. ఫ్యాన్ లేని పెట్టెలో మాత్రం గుడ్డు పైభాగాన 38.3 దాకా చూపించాలి, ఎందుకంటే అక్కడ కింద భాగం చల్లగా ఉండిపోతుంది. యూట్యూబ్‌లో ఈ రెండు అంకెలనూ కలిపేస్తుంటారు.

ఇంకొకటి, ఏప్రిల్‌లో చిన్న పెట్టెకు 80 వాట్లు దండగ. గది 34 డిగ్రీలుంటే బల్బు ఆరినాక కూడా దాని గాజు వేడికే ఉష్ణోగ్రత డిగ్రీ పైకి పోతుంది. ఇప్పుడు ఒక్క బల్బు చాలు. డిసెంబర్‌లో రెండూ పెట్టు, అప్పుడు ఒకటి మాడిపోయినా రెండోది కాపాడుతుంది. ఎల్ఈడీ బల్బు తెచ్చి పెట్టేవాళ్లూ ఉన్నారు, అది చాలినంత వేడి ఇవ్వదు.

పీ1 0.2 కి తెస్తే బోర్డులో బల్బును ఆర్పి వెలిగించే స్విచ్ (రిలే) ఎక్కువ సార్లు కొట్టుకుంటుంది. ఏదో ఒక రోజు దాని కాంటాక్టు అతుక్కుపోయి బల్బు ఆరకుండా ఉండిపోతే రాత్రికి రాత్రి గుడ్లన్నీ పోతాయి. అందుకే బల్బు వైరు మీద ఇంకో థర్మోస్టాట్ సిరీస్‌లో వేసి 38.5 కి కట్ అయ్యేలా పెట్టుకో. రెండు వందల యాభై రూపాయల్లో అటూఇటూ పోయే పని, 30 గుడ్లకన్నా ఎక్కువేం కాదు.

నాటుపెట్ట ప్రొద్దుటూరు:
వేడి సంగతి అన్న చెప్పినట్టే. కానీ చిల్లు పెట్టి ఆగిపోయిన ఆరు గుడ్లది తేమ సమస్య. పారెయ్యకుండా ఉంటే ఒకటి పగలగొట్టి చూడండి. లోపలి తెల్ల పొర ఎండిన కాగితంలా గట్టిపడి పిల్ల ఈకలకు అతుక్కుని ఉంటే తేమ చాల్లేదు. పిల్ల ఉబ్బి, చుట్టూ నీరు కారుతుంటే తేమ ఎక్కువైంది. మీ 30, 35 అంకె చూస్తే మొదటిదే.

మొదటి 18 రోజులు 45 నుంచి 55 శాతం, 18 నుంచి పిల్లలు లేచేదాకా 65 నుంచి 70. అయితే ఆ మీటర్‌ను నమ్మే ముందు దాన్నీ పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు వేసి, కొన్ని చుక్కల నీళ్లతో ముద్దలా తడపండి, నీళ్లు తేలకూడదు. ఆ మూతనూ మీటర్‌నూ జిప్ కవర్‌లో పెట్టి గాలి పోకుండా మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 చూపించాలి. 68 చూపిస్తే మీ మీటర్ 7 తక్కువ చెబుతోందని రాసి పెట్టుకోండి.

మీటర్ కన్నా నమ్మకమైనది తూకం. గుడ్డు లోపలి నీరు రోజూ కొంచెం ఆవిరవుతుంది, 18వ రోజుకు మొదటి బరువులో 12 శాతం దాకా పోవాలి. వంటింటి డిజిటల్ కాటా చాలు. పది నాటు గుడ్లు కలిపి 450 గ్రాములుంటే 7వ రోజుకు 429, 14వ రోజుకు 408, 18వ రోజుకు 396 దగ్గర ఉండాలి. 7వ రోజుకే 415 కి పడిపోతే నీళ్లు పెంచండి. 440 దగ్గరే ఉంటే తగ్గించండి. ఒక్కో గుడ్డు విడిగా తూచితే తేడాలు గజిబిజి చేస్తాయి, పదింటిని కలిపి తూచడమే మేలు.

నీళ్లు పెంచడమంటే గిన్నె నిండా పోయడం కాదు. లోతుకు పని లేదు, నీటి పై వైశాల్యమే తేమనిస్తుంది. లోతు గిన్నె తీసేసి వెడల్పాటి స్టీలు పళ్లెం పెట్టండి. అదీ చాలకపోతే నూలు గుడ్డ సగం నీళ్లలో, సగం గాలి తగిలేలా వేలాడదీయండి. లాక్‌డౌన్‌కు, అంటే తిప్పడం ఆపి మూత తీయకుండా ఉంచే చివరి మూడు రోజులకు, ఇంకో పళ్లెం.

కళ్యాణదుర్గం రైతు:
అక్కా, 18 రోజులూ నీళ్లే పెట్టకుండా చేసే డ్రై పద్ధతిలో బాగా వస్తాయని చాలామంది అంటున్నారు. అది మనకు పనికిరాదా?

నాటుపెట్ట ప్రొద్దుటూరు:
గాలిలోనే తేమ ఉన్న ఊళ్ల వాళ్లు చెప్పే మాట అది. గది గాలినే మనం లోపల 37.6 కి వేడి చేస్తున్నాం, వేడెక్కిన కొద్దీ దాని తేమ శాతం పడిపోతుంది. లెక్క చూడండి. ఏప్రిల్‌లో గది 35 డిగ్రీలు, తేమ 30 శాతం ఉంటే పెట్టెలో మిగిలేది 26 శాతం. ఆగస్టులో వాన పడ్డాక గది 28, తేమ 70 ఉంటే లోపల 41. అప్పుడైతే మీ డ్రై పద్ధతి దాదాపు నడుస్తుంది. విచిత్రం ఏంటంటే డిసెంబర్ రాత్రి: గది 18 డిగ్రీలు, తేమ 60, చెయ్యి పెడితే చల్లగా తేమగానే ఉంటుంది, కానీ పెట్టెలో 19 శాతమే. చలికాలం కదా, నీళ్లు అక్కర్లేదు అనుకునేవాళ్ల గుడ్లన్నీ ఎండిపోయేది అందుకే. అనంతపురం, కర్నూలు, కడప గాలికి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లు తప్పవు.

తాడిపత్రి పుంజు:
అక్కా, తేమ పట్టి ఉంచడానికి 18వ రోజు గాలి రంధ్రాలు టేపుతో మూసేసినా. అది సరేనా?

నాటుపెట్ట ప్రొద్దుటూరు:
అదే మీ చిల్లు పెట్టని ఎనిమిదింటిని చంపిన కారణాల్లో ఒకటి కావచ్చు. గుడ్డులోని పిల్లకు ఆక్సిజన్ ఎక్కువ కావాల్సింది ఆ చివరి మూడు రోజులే. అప్పుడే గుడ్డు లావు కొనలో ఉండే గాలి గదిలోకి ముక్కు దూర్చి ఊపిరి మొదలుపెడుతుంది. రంధ్రాలన్నీ తెరిచి ఉంచి, తేమను పళ్లెంతోనే పెంచండి. కింద వైపు రెండు, పైన రెండు, ఒక్కోటి చిటికెన వేలు పట్టేంత ఉంటే మీ పెట్టెకు సరిపోతాయి. ఇంకో సంగతి, మధ్యలో మూత తీస్తే లోపలి తేమ ఒక్క క్షణంలో పోతుంది. లేచి ఆరని పిల్లను బయటికి తీద్దామని మూత తీస్తే, పక్కన చిల్లు పెట్టిన గుడ్డు పొర ఎండిపోతుంది. పుట్టిన పిల్ల పొట్టలో పచ్చసొన ఉంటుంది, రోజున్నర దాటినా మేత లేకున్నా ఏం కాదు. అన్నీ లేచాకే తియ్యండి.

జమ్మలమడుగు:
తిప్పడం సంగతి ఎవరూ అనలేదు. నాలుగు సార్లు అంటున్నావు, సరి సంఖ్య పెట్టుకోవద్దు. ఒక వైపు ఇంటూ, ఒక వైపు సున్నా పెన్సిల్‌తో రాసి 3 లేదా 5 సార్లు తిప్పు. రాత్రి పొడుగ్గా ఉంటుంది కదా, బేసి అయితే ఒక రాత్రి ఇంటూ పైన, మరుసటి రాత్రి సున్నా పైన పడుతుంది. పెన్ను వద్దు. 18 నుంచి తిప్పడం ఆపెయ్. నిలబెట్టే ట్రే అయితే సన్న కొన కిందికి ఉండాలి. తలకిందులైతే గాలి గది వైపు తల రాక పిల్ల చచ్చిపోతుంది.

అసలు అడగాల్సింది నేనడుగుతా. మధ్యాహ్నం నీ గది ఎంత వేడి?

తాడిపత్రి పుంజు:
పైన స్లాబు అన్నా. రెండు గంటలకు 39 దాకా పోతాది.

జమ్మలమడుగు:
మరి ఇంకేం చూడాలి? ఇంక్యుబేటర్ వేడి చేయగలదు, చల్లబరచలేదు. గది 39 ఉంటే బల్బు ఆరిపోయి ఉన్నా పెట్టె 39 నే, ఫ్యాన్ వేడి దానికి అదనం. పైగా 14 రోజులు దాటాక గుడ్డులోని పిల్లే వేడి పుట్టిస్తుంది. 39 దాటి గంటల తరబడి ఉంటే చావులు పెరుగుతాయి. గుడ్డు చల్లబడితే పిల్ల ఆలస్యం అవుతుంది, కాస్త తేరుకుంటుంది. వేడెక్కితే తేరుకోదు.

ఇంట్లో పాత మట్టి మిద్దె ఉంటే పెట్టెను అందులోకి మార్చు. అది లేకుంటే నీళ్ల కూలర్ ఉన్న గది. మన పొడి గాలికి కూలర్ బాగా పనిచేస్తుంది, తేమ కూడా పెరుగుతుంది, రెండు పనులూ ఒకేసారి. కూలర్ గాలి నేరుగా పెట్టె మీద పడకూడదు. గది 30 దగ్గర నిలబెట్టగలిగితే ఏప్రిల్, మేలో చెయ్యి. లేదంటే జూలై దాకా ఆగడమే మంచిది, అంతవరకు ఏ కోడైనా పొదుగుకొస్తే దాని కిందే పెట్టుకో. చివరి మూడు రోజులు 37.2 కి తగ్గించు.

ఆ రక్తపు రింగులు మూడు కూడా ఈ ఎండ పనే అయి ఉండొచ్చు. గంపలో ఉన్న గుడ్డు మధ్యాహ్నం వేడికి తనంతట తాను పెరగడం మొదలుపెడుతుంది, రాత్రికి మందగిస్తుంది. ఇట్లా రెండు మూడు రోజులు జరిగితే పిండం చచ్చి, నువ్వు పెట్టాక 7వ రోజు టార్చ్‌కు ఎర్రటి రింగులా కనపడుతుంది. బాగున్న గుడ్డులో సాలీడు కాళ్లలా నరాలు పరుచుకుని ఉంటాయి. పొద్దున ఒకసారి, పన్నెండుకు ఒకసారి గుడ్లు ఏరుకో. ఏరినవి 15 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఫ్రిజ్ అంతకన్నా చల్లన. పెద్ద కుండలో తడి ఇసుక పోసి అందులో చిన్న కుండ దింపి, పైన తడి గోనె కప్పి నీడన, గాలి తగిలే చోట పెడితే సరిగ్గా 18 కాకపోయినా గది వేడికన్నా చాలా మేలు. గుడ్లు కడగొద్దు, పైన సూక్ష్మజీవులను ఆపే పూత పోతుంది. రెట్ట అంటుకుంటే ఎండినాక గోటితో గీకు. బాగా మురికిగా ఉన్నది వదిలెయ్.

జీవం లేని 4 అంటావా, 30 కి అంత ఎక్కువేమీ కాదు. పుంజు ఒకటికి పెట్టలు పది మించకుండా చూసుకో.

కళ్యాణదుర్గం రైతు:
చిల్లు పెట్టి ఆగిన పిల్లను మనమే పెంకు తీసి బయటికి లాగొచ్చా?

నాటుపెట్ట ప్రొద్దుటూరు:
చిల్లు పడ్డాక 12 నుంచి 24 గంటలు మామూలే. ఆ సమయంలో పొరలోని రక్తాన్నీ, మిగిలిన పచ్చసొననూ పిల్ల లోపలికి లాక్కుంటుంది. తొందరపడి పెంకు తీస్తే రక్తం కారి చచ్చిపోతుంది. 24 గంటలు దాటినా కదలిక ఉండి ముందుకు పోకపోతే పొర మీద గోరువెచ్చని నీళ్లు దూదితో తడపండి. చిల్లు చుట్టూ కొంచెం పెంకు మాత్రం తీయండి, ఎర్ర నరం కనపడగానే ఆపండి.

ఆదోని ఎలక్ట్రికల్:
కరెంటు పోతే ఎట్లా అని అడగబోతారు కాబట్టి ముందే చెబుతున్నా. గంట, రెండు గంటలకు భయం లేదు, మూత తీయకుండా పైన దుప్పటి కప్పండి, రంధ్రాలు మాత్రం వదిలెయ్యండి. పొడుగు కోతలుంటే ఇంటి ఇన్వర్టర్ లైనుకే పెట్టెను కలపండి, ఒక 40 వాట్ల బల్బు దానికి పెద్ద బరువు కాదు. తేమకు మిస్ట్ యంత్రం పెట్టేవాళ్లు బోరు నీళ్లు పోయొద్దు, మన నీళ్ల ఉప్పు తెల్ల దుమ్ములా సెన్సార్ మీద పేరుకుంటుంది. ఆర్‌ఓ నీళ్లు వాడండి.

తాడిపత్రి పుంజు:
ఉన్న 20 గుడ్లలో కొన్ని పన్నెండు రోజులవి. ఏం చేయల్ల?

జమ్మలమడుగు:
తేదీ రాసుకున్నావా? వారం లోపువి పొదిగించడానికి పక్కన పెట్టు, మట్టి మిద్దెనో కూలరో చూసుకుని, సెన్సార్‌కు గ్లాసు నీళ్ల పరీక్ష అయ్యాక పెట్టెను గుడ్లు లేకుండా 24 గంటలు నడిపి వేడి, తేమ నిలకడగా ఉన్నాయని చూసి అప్పుడు పెట్టు. కుండలోంచి తీసినవి కొన్ని గంటలు గదిలో ఉంచి, చెమ్మ ఆరినాకే లోపలికి. పన్నెండు రోజులవి కూరకు వాడుకో, కానీ ఒక్కోటి విడిగా గిన్నెలో పగలగొట్టి చూసుకున్నాకే వెయ్. ఈ ఎండకు లోపల ఏముంటుందో చెప్పలేం.