సర్వే సగంలో ఉండగా ఫారం మార్చవచ్చా?

ప్రశ్న (అమలాపురం నుంచి):
కోనసీమ కౌలు రైతుల అప్పులపై ఒక సంస్థకు పరిశోధన సలహాదారుగా పనిచేస్తున్నాను. వారి ఫారంలో మొదటి ప్రశ్న కౌలు కార్డు ఉందా అన్నది; లేదని నొక్కితే ట్యాబ్‌లో ఫారం అక్కడితో ముగుస్తుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని సంతకంతో 11 నెలల ఒప్పందం ఉండాలి కనుక, నోటిమాట మీద చేను చేస్తున్నవారు మొదటి నిమిషంలోనే జారిపోతున్నారు. నలభై ఇళ్లు తిరిగాక గాని ఇది నా బుర్రకెక్కలేదు. పైగా సార్వా (ఖరీఫ్ వరి) కోతలు మొదలయ్యాయి, పగలు ఎవరూ దొరకడం లేదు. గడువు మాత్రం మారదట. నేనెంతవరకు మార్చుకోవచ్చు?

జవాబు (భీమవరం నుంచి):
కార్డు ప్రశ్నను చివరికి పంపండి. ఈ సార్వాకు చేసిన చేను ఎవరిది, మక్తా (భూయజమానికిచ్చే కౌలు) ఎకరానికి ఎన్ని బస్తాలు అని మొదలుపెడితే కౌలుదారు ఎవరో దానంతటదే తేలుతుంది. పాత నలభై ఇళ్లను పారేయకండి. మధ్యలో ఆగినవారి దగ్గరికి మళ్లీ వెళ్లి, ఆ ఫారాలకు వేరే గుర్తు పెట్టండి.

జవాబు (తణుకు నుంచి):
వరుస మార్చడం వరకు సరే, అప్పుల ప్రశ్నల మాటలను మాత్రం ముట్టుకోవద్దు. ఒకసారి నేను ‘గత ఏడాది అప్పు’ అన్నదాన్ని ఎవరినీ అడగకుండా ‘సార్వా అప్పు, దాళ్వా (రబీ) అప్పు’ అని విడగొట్టాను. ఇక్కడ అప్పు పంటకు తెచ్చి పంటకు తీర్చేది కనుక జవాబులు చక్కగా వచ్చాయి, కానీ మొదటి విడత లెక్కలతో పోల్చడానికి వీలు లేక ఆ ఊళ్లన్నీ సొంత ఖర్చుతో మళ్లీ తిరిగాను. ఏ తేదీన ఏది ఎందుకు మార్చారో రాసి, సంస్థ ఒప్పుకోలు ఉత్తరంలో తీసుకున్నాకే ట్యాబ్‌లో మార్చండి.

జవాబు (రాజోలు నుంచి):
పొద్దుగూకాక వెళ్లండి. ధాన్యం వ్యాపారి దగ్గర తెచ్చిన బాకీ ఎంతో చాలా ఇళ్లలో ఆడవారికే బాగా గుర్తుంటుంది; అయితే జవాబు చెప్పినది ఎవరో ఫారంలో తప్పక నమోదు చేయండి. భూయజమాని అరుగు మీద కూర్చుని మక్తా సంగతి అడగవద్దు, అక్కడ ఎవరూ నిజం చెప్పరు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సంస్థకు ఉత్తరం ఈ రాత్రే పంపుతున్నాను. ఆగిపోయిన ఫారాలు పదిహేడు; అనుమతి రాగానే ముందు ఆ ఇళ్లకే వెళతాను.