నడవగలిగే పెద్దవాళ్లకు ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ అడగడం తప్పా?

కోవూరు అబ్బాయి:
మా అన్న డాలస్‌లో ఉంటాడు. వదినకు రెండో కాన్పు. అమ్మానాన్న వచ్చే నెల బయల్దేరుతున్నారు. చెన్నైలో ఎక్కి, దోహాలో మారి, డాలస్‌లో దిగాలి. ఇద్దరికీ విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. నాన్నకు 67 ఏళ్లు, రోజూ పొద్దున్నే పెన్న కట్ట మీద నడుస్తాడు. నాకంటే వేగంగా నడుస్తాడు కూడా.

అన్న టికెట్లు తీసేటప్పుడు ఇద్దరికీ వీల్‌చైర్ పెట్టించాడు. ఆ సంగతి తెలిసి నాన్న అన్నం తింటూ తింటూ లేచిపోయాడు. "కాళ్లూ చేతులూ ఆడతా ఉంటే నన్ను కుర్చీలో తోసుకుపోతారా? విమానంలో మన ఊరోళ్లు ఎవరన్నా ఉంటే?" అంటాడు. అన్నేమో "కుర్చీ కాళ్ల కోసం కాదు, భాష కోసం. నెట్టేవాడు గేటు దాకా దిగబెడతాడు, నాకు టెన్షన్ ఉండదు" అంటాడు. నేను అన్న వైపే ఉన్నా. కానీ నిజంగా నడవలేని వాళ్ల కుర్చీని మనం లాక్కుంటున్నామేమో అన్న అనుమానం పోవడం లేదు. మీరేమంటారు?

చీమకుర్తి గ్రానైట్:
తప్పే. ఇందులో రెండో మాట లేదు.

చెన్నై ఎయిర్‌పోర్టులో గల్ఫ్ మీదుగా అమెరికా పోయే విమానాల దగ్గర ఒకసారి నిలబడి చూడండి. కుర్చీలు వరసగా ఉంటాయి, అందులో మన వాళ్లే ఎక్కువ. అక్కడ దిగాక సగం మంది లేచి పెట్టెలొచ్చే బెల్టు దగ్గరికి పరిగెత్తుతారు. గాలిలో ఉన్నప్పుడు మోకాళ్లు బాగైపోయాయేమో మరి.

2024 ఫిబ్రవరిలో ముంబైలో జరిగింది గుర్తుందా? న్యూయార్క్ నుంచి వచ్చిన ముసలి దంపతులు ముందే వీల్‌చైర్లు చెప్పుకున్నారు. దిగాక ఒకటే దొరికింది. భార్యను అందులో కూర్చోబెట్టి 80 ఏళ్ల పెద్దాయన వెనకే నడిచాడు. ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలి చనిపోయాడు. విమాన కంపెనీల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ ఎయిరిండియాకు 30 లక్షల జరిమానా వేసింది. కుర్చీలకు గిరాకీ ఎక్కువగా ఉంది, కాసేపు ఆగమన్నాం అని ఎయిర్‌లైన్స్ వాళ్లు చెప్పుకున్నారు. ఆ గిరాకీ ఎవరి వల్ల పెరిగిందో ఆలోచించండి.

న్యూజెర్సీలో నెల్లూరోడు:
గ్రానైట్ అన్నా, ఆ కేసులో తప్పు ఎయిర్‌లైన్స్‌దని డీజీసీఏనే తేల్చింది. ముందే చెప్పిన కుర్చీని ఏర్పాటు చేయలేకపోయారు. దాన్ని తెచ్చి కోవూరులో ఉన్న పెద్దాయన నెత్తిన రుద్దితే ఎట్టా?

మా అమ్మానాన్న నెవార్క్‌లో దిగి ఇంకో విమానం ఎక్కి షార్లెట్ పోవాల్సి వచ్చింది, అప్పుడు నేను అక్కడ ఉండేవాణ్ణి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ అయిపోవాలి. పెట్టెలు బెల్టు మీంచి తీసుకోవాలి, కస్టమ్స్ దాటాలి, మళ్లీ ఆ పెట్టెలను వేసేయాలి, మళ్లీ సెక్యూరిటీ దాటాలి (అప్పట్లో బూట్లు కూడా తీయాల్సి వచ్చేది), ఆ తర్వాత ఇంకో టెర్మినల్‌కు పోవాలి. ఇంగ్లీషు వచ్చిన నాకే మొదటిసారి చెమటలు పట్టాయి. ఇరవై మూడు కేజీల పెట్టెలు నాలుగు, మా నాన్న వాటిని ఎట్టా దించుతాడు? నెట్టే మనిషే దించి పెట్టింది. ఇరవై డాలర్లు చేతిలో పెట్టమని ముందే చెప్పా.

అవసరం అంటే కాళ్లు ఒకటేనా? చదవలేకపోవడం అవసరం కాదా?

పొదిలి మాస్టారు:
అవసరమే. కానీ దానికి "నడవలేను" అని చెప్పడం అబద్ధం. నాకు నచ్చనిది అదొక్కటే.

టికెట్ కౌంటర్:
నేను నెల్లూరులో టికెట్ల పనే చేస్తా కాబట్టి చెప్తున్నా. ఇక్కడ సగం గొడవ వీల్‌చైర్ అంటే ఒకటే రకం అనుకోవడం వల్ల వస్తోంది. బుకింగ్‌లో మూడు రకాలు ఉంటాయి. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే మెట్లు ఎక్కగలరు, విమానం లోపల నడవగలరు, ఎయిర్‌పోర్టులో దూరం మాత్రం నడవలేరు. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లు కూడా ఎక్కలేరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా మోయాల్సిందే. పిల్లలు అమెరికాలో కూర్చుని ఏది పడితే అది నొక్కేస్తారు. మూడోది నొక్కితే విమానంలోకి సన్న కుర్చీ తెస్తారు. మీ నాన్న మామూలుగా నడుచుకుంటూ వస్తే సిబ్బందికి కోపం రాకుండా ఉంటుందా?

మాస్టారు గారు చెప్పిన అబద్ధం సంగతికి కూడా దారి ఉంది. "మీట్ అండ్ అసిస్ట్" అని వేరే సాయం ఉంటుంది. మనిషి వచ్చి వెంట నడిచి గేటు దాకా తీసుకుపోతాడు, కుర్చీ ఉండదు. భాష రాని వాళ్ల కోసం, మొదటిసారి పోయే వాళ్ల కోసం పెట్టిందే అది. అన్ని కంపెనీలూ ఇవ్వవు, కొన్ని చోట్ల డబ్బు కట్టాలి. కుర్చీ మాత్రం ఉచితం. అమెరికాకు వచ్చే పోయే విమానాలకు 1986 చట్టం ప్రకారం అది ఉచితంగా ఇచ్చి తీరాలి, డాక్టరు కాగితం కూడా అడగకూడదు. అందుకే అందరూ కుర్చీయే అడుగుతారు. ఇది నా ముందు రోజూ జరిగే కథ. ఏదైనా సరే, ప్రయాణానికి 48 గంటల ముందే చెప్పండి.

చీమకుర్తి గ్రానైట్:
చూశారా, డబ్బు కట్టాల్సి వస్తుందని ఉచితంగా వచ్చేది వాడుకుంటున్నారు. నేను చెప్పిందీ అదే.

దర్గామిట్ట ఫిజియో:
కుర్చీ వద్దనడానికి నా దగ్గర వేరే కారణం ఉంది, న్యాయం ధర్మం సంగతి మీరు తేల్చుకోండి.

చెన్నై నుంచి దోహా నాలుగున్నర గంటలకు పైనే. దోహా నుంచి డాలస్ సుమారు పదహారు గంటలు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణం చేస్తే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. భయపడొద్దు, రెట్టింపు అయినా సుమారు 6,000 మందిలో ఒకరికే. కానీ లావుగా ఉన్నవాళ్లకు, ఇంతకు ముందు గడ్డ కట్టినవాళ్లకు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లకు ముప్పు ఎక్కువ. ఇప్పుడు చూడండి, ఈ మొత్తం ప్రయాణంలో పెద్దాయన కాళ్లకు పని దొరికేది దోహాలోనే. అక్కడ కూడా కుర్చీలో కూర్చోబెడితే చెన్నై నుంచి డాలస్ దాకా కూర్చున్నట్టే. నడిచే మనిషిని నడవనివ్వండి. విమానంలో నడిచే దారి పక్కన ఉండే సీటు ఇప్పించండి, మాటిమాటికీ లేవమనండి. బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని మన వాళ్లు మంచినీళ్లు తాగరు, అది పెద్ద తప్పు. బిగుతు మేజోళ్లు వాడాలా, మాత్రలు వేసుకోవాలా అన్నది మీ డాక్టర్ని అడగండి. పక్కింటాయన చెప్పాడని ఆస్పిరిన్ మింగొద్దు. ఇన్సులిన్ ఉంటే చేతి సంచిలోనే, పెట్టెలో వేస్తే గడ్డకట్టి పాడవ్వొచ్చు.

సూళ్లూరుపేట:
ఫిజియో గారికి నా ఓటు. మా నాన్నను ఒక ఎయిర్‌పోర్టులో (పేరెందుకు లే) కుర్చీలన్నీ చేర్చే ఒక మూల వదిలేసి పోయారు. పాస్‌పోర్టు, బోర్డింగ్ పాసు నెట్టేవాడి చేతిలో. వాడు వేరే మనిషిని తేవడానికి పోయాడు. నాన్నకు షుగర్, బాత్రూమ్ ఆపుకోలేడు. లేచి పోదామంటే కాగితాలు లేవు, వాడు వచ్చి చూసి లేడని పోతాడేమోనని భయం. నడవగలిగిన మనిషి కుర్చీకి కట్టేసినట్టు కూర్చున్నాడు. తోడు ఉంటుందని పెట్టిస్తాం గానీ, ఆ తోడు పోతే నడిచేవాడికంటే అధ్వానం.

పినాకిని ప్యాసింజర్:
మధ్యలో ఒక్క మాట. వదిన కాన్పుకు అంటున్నారు కాబట్టి మీ అమ్మ ఖాయంగా చికెన్ పచ్చడి, మొలగొలుకుల బియ్యం కడుతుంది. రెండూ అమెరికాలో దించనివ్వరు. మాంసం పచ్చళ్లు కుదరవు, మన దేశం బియ్యం కూడా పురుగు భయంతో ఆపేస్తారు. మామిడికాయ పచ్చడి పట్టుకెళ్లొచ్చు గానీ చేతి సంచిలో వద్దు, నూనె ఉంటుంది కదా, చెన్నైలోనే తీసేస్తారు. ఏమున్నా అడిగినప్పుడు ఉందని చెప్పేయాలి.

నిర్వాహకుడు:
పచ్చళ్ల చర్చకు వేరే థ్రెడ్ ఉంది. కుర్చీ దగ్గరికి రండి.

కందుకూరు మనవరాలు:
మా అమ్మమ్మ చెప్తోంది, నేను టైప్ చేస్తున్నా. తను అమెరికాకు ఒక్కతే పోయొచ్చింది.

"నేను చదువుకోలేదు నాయనా, సంతకం వచ్చు అంతే. ఒంగోలు బస్టాండులో అయితే కందుకూరు బస్సు యాడ ఆగుద్ది అని ఎవర్నడిగినా చెప్తారు. చెప్పకపోతే కండక్టరన్నా అరుస్తాడు. ఆ గాజు మేడలో ఎవరు అరుస్తారు? అంకెలు నేను గుర్తుపడతా. గేటుకు అంకె ముందర ఇంగ్లీషు అక్షరం కూడా ఉంటది. అక్షరం చూడకుండా అంకె ఒకటే చూసుకుని ఇంకో గేటు కాడ కూర్చుంటే విమానం పోయినట్టే. మా మనవరాలు పోయే ముందు ఎ నుంచి ఎఫ్ దాకా నేర్పింది. ఎ, సి బాగానే పట్టుకున్నా. ఇ, ఎఫ్ ఇప్పటికీ తికమకే.

పోయేటప్పుడు కుర్చీ వద్దన్నా. గుంటూరు వైపు ముసలోళ్లు ఇద్దరు కనపడితే వాళ్ల కొంగు పట్టుకు తిరిగినట్టు తిరిగా. వాళ్లు బాత్రూముకు పోతే నేనూ పోయా, వాళ్లు కాఫీ తాగితే నేనూ తాగా. పాపం వాళ్లకు విసుగొచ్చి ఉంటది. వచ్చేటప్పుడు అల్లుడు కుర్చీ పెట్టించాడు. సుఖంగా వచ్చా. సిగ్గేంది? దారి తెలియక ఏడ్చుకుంటా తిరగడం సిగ్గు గానీ కుర్చీలో కూర్చోవడం సిగ్గా?

ఇందాకటి నుంచీ మీరందరూ ఆ పెద్దాయన పరువు గురించే మాట్లాడుతున్నారు. ఆ అబ్బాయి రాసింది మా మనవరాలు చదివి వినిపించింది. నాన్న అన్నం కాడ లేచాడు, అన్న ఇట్టన్నాడు, నేను అట్టనుకుంటున్నా. వాళ్లమ్మ ఏమందో యాడా లేదు. ఆమెకు నోరు లేదా?"

న్యూజెర్సీలో నెల్లూరోడు:
అమ్మమ్మా, నమస్కారం. ఇది చదివి మా ఇంట్లో కూడా నవ్వుతున్నారు, నా మీద.

చీమకుర్తి గ్రానైట్:
అమ్మమ్మ చదవలేదు, వయసు మీదపడింది, ఒక్కతే. ఆమెకు కుర్చీ ఇవ్వకపోతే ఎవరికిస్తారు? నేను అంటున్నది ఆమె గురించి కాదు. పదో తరగతి చదివి, ఇద్దరు కలిసి పోతూ, ఫోన్లో పొద్దస్తమానం వీడియోలు చూసేవాళ్ల గురించి. అదే ఫోన్లో గేటు ఎక్కడుందో చూసుకోవడం వాళ్లకు నేర్పొచ్చు. కొడుకులకు ఒక పూట కూర్చుని నేర్పే ఓపిక లేదు, డబ్బాలో టిక్కు పెట్టడం సులువు. ఇమిగ్రేషన్ దగ్గర కూడా అంతే. ఎవరింటికి పోతున్నారు, ఎన్నాళ్లుంటారు, తిరుగు టికెట్ ఉందా, ఇవే అడుగుతారు. కొడుకు అడ్రసు, ఫోన్ నంబరు, వచ్చిన పని ఇంగ్లీషులో కాగితం మీద రాసిచ్చి నాలుగు సార్లు చెప్పిస్తే సరిపోతుంది. పదేళ్ల వీసా ఉన్నా ఉండనిచ్చేది మామూలుగా ఆరు నెలలే, ఆ తేదీ వేసేది అక్కడి అధికారి. అక్కడ నెట్టేవాడు మీ తరఫున మాట్లాడడు.

కోవూరు అబ్బాయి:
అమ్మమ్మ గారికి జవాబు. అమ్మను అడిగా. "ఇప్పటికి అడిగారా?" అంది ముందు. తర్వాత చెప్పింది. తనకు మోకాళ్లు ఏడాదిగా పట్టేస్తున్నాయంట, కోవూరులో మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటోందంట. మేం చూసి బాధపడతామని చెప్పలేదు. "నాకు కుర్చీ కావాలి. మీ నాన్నకు వద్దంటే వద్దు, పక్కన నడవనీ. కానీ ఇద్దర్నీ విడదీస్తే నేను పోను" అంది.

నాన్న దీనికి వెంటనే ఒప్పుకున్నాడు. అన్న ఒప్పుకోవడం లేదు. దోహాలో ఆ నెట్టేవాడు వేగంగా పోతే నాన్న వెనకబడతాడేమో అని వాడి భయం. నాన్న నడక చూసి నాలుగేళ్లయింది వాడు, అందుకే అట్టా అంటున్నాడు. ఒకరికే కుర్చీ అయితే రెండో మనిషిని వెంట రానిస్తారా?

టికెట్ కౌంటర్:
ఇద్దరూ ఒకే బుకింగ్‌లో ఉంటే మామూలుగా రానిస్తారు. మీ అన్న పాయింట్ల కోసమో ఆఫర్ కోసమో వేర్వేరుగా తీసి ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి రెండు బుకింగ్‌లూ కలిసి ప్రయాణిస్తున్నట్టు రాయించమనండి. మీ నాన్న కుర్చీ క్యాన్సిల్ చేయించండి, అమ్మకు రెండో రకం పెట్టించండి, మెట్లు ఎక్కలేరు కాబట్టి. దోహాలో ఎక్కువ టైం ఉండేలా చూసుకోండి, కుర్చీ వాళ్లను విమానంలోంచి చివర్లో దించుతారు. పాస్‌పోర్టులు రెండూ మీ నాన్న దగ్గరే ఉండాలి, ఎవరడిగినా చూపించి వెనక్కి తీసుకోవాలి.

చీమకుర్తి గ్రానైట్:
ఒక కుర్చీ మిగిలింది. సంతోషం. పెద్దాయనకు అక్షరాలు నేర్పండి మరి, ఇ, ఎఫ్ తో మొదలుపెట్టి.